ముందు బొమ్మ... ఆ తర్వాతే బిడ్డ

*నర్సు చేసే తొలి తప్పు ఏ పసిబిడ్డ మీదా పడకూడదు. ఆ తప్పుల్ని ముందే బొమ్మ దగ్గర చేసి, దిద్దుకుని వార్డులోకి రావడమే సిమ్యులేషన్ శిక్షణ. కొత్త సిలబస్‌తో మన నర్సింగ్ కాలేజీల్లో అడుగుపెట్టిన ఈ పద్ధతి ఏం చేయగలదు? ఎక్కడ చతికిలబడుతోంది?*

గది మధ్యలో వార్మర్. దాని మీద తడి తువ్వాల్లో చుట్టిన పసికందు. ఏడుపు లేదు. కదలిక లేదు. గోడ పక్కన నిలబడిన ట్యూటర్ స్టాప్‌వాచ్ నొక్కి "బిడ్డ పుట్టింది" అంది. అంతే.

యూనిఫాంలో ఉన్న ముగ్గురమ్మాయిలు ఒక్కసారిగా కదిలారు. ఒకమ్మాయి పొడిగుడ్డతో ఒళ్లు తుడుస్తోంది. ఇంకో అమ్మాయి వీపు రుద్దుతోంది. మూడో అమ్మాయి ట్రేలో మాస్క్ కోసం వెతుకుతోంది. చేతికి దొరికింది పెద్దపిల్లల మాస్క్. "అది కాదే, చిన్నది... చిన్నది!" అని పక్కనుంచి అరుపు. చిన్నది దొరికింది. ముఖం మీద పెట్టి అంబు బ్యాగ్ నొక్కితే గాలి పక్కల నుంచి సుయ్‌మని పోయింది. ఛాతీ లేవలేదు. మళ్లీ నొక్కింది. లేవలేదు. తలను కాస్త వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, మాస్క్‌ను సందులేకుండా అదిమి పట్టాక ఛాతీ పైకి లేచింది. ట్యూటర్ స్టాప్‌వాచ్ ఆపింది. 94 సెకన్లు.

"బొమ్మే కదా" అని ఎవరూ అనలేదు. మూడో అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ట్యూటర్ తిట్టలేదు. ముగ్గురినీ కుర్చీల్లో కూర్చోబెట్టి, తనూ వాళ్లతోపాటే కూర్చుని అడిగింది: "ఛాతీ లేవట్లేదని ఎప్పుడు గమనించావమ్మా? అప్పుడు నీకేమనిపించింది?"

పిల్లల నర్సింగ్ నేర్పే మంచి స్కిల్ ల్యాబ్‌లోకి తొంగిచూస్తే కనిపించేది ఇలాంటి దృశ్యమే. వార్మర్ మీద ఉన్నది మానెకిన్. లోపల గోరువెచ్చని నీళ్లు నింపితే అప్పుడే పుట్టిన బిడ్డ బరువూ మెత్తదనమూ వస్తాయి. ట్యూటర్ చేతిలోని రబ్బరు బుడ్డిని నొక్కితే బొడ్డుతాడులో నాడి కొట్టుకుంటుంది, ఇంకోటి నొక్కితే బొమ్మ ఊపిరి తీస్తుంది. నొక్కడం ఆపితే ఊపిరీ ఆగుతుంది. ఇదంతా తెలిసి కూడా ఆ అమ్మాయిల చేతులు వణికాయి. ఆ వణుకు ఇక్కడ తీరిపోవాలి. లేకపోతే లేబర్ రూంలో, కన్నతల్లి చూస్తుండగా బయటపడుతుంది.

ఇప్పుడీ చర్చ ఎందుకు?

నర్సింగ్ చదువు ఇప్పుడు ఇంటింటి మాట. 2014 తర్వాత వచ్చిన మెడికల్ కాలేజీల పక్కనే 157 కొత్త నర్సింగ్ కాలేజీలు పెడతామని 2023 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. అదే ఏడాది నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. తెలంగాణలో టామ్‌కామ్ సంస్థ నర్సులకు భాష నేర్పించి జర్మనీ, జపాన్ దేశాలకు పంపుతోంది. ఇంటర్ బైపీసీ చదివిన అమ్మాయి ఉన్న ఇళ్లలో ఎంబీబీఎస్ సీటు రాకపోతే తర్వాతి మాట బీఎస్సీ నర్సింగే.

సీట్లు పెరుగుతున్నాయి. సరే, చేతిపని ఎక్కడ నేర్చుకుంటారు? ఈ ప్రశ్నకు 2021లో సవరించిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్ ఒక జవాబు ఇచ్చింది. చదువు సెమిస్టర్ల పద్ధతిలోకి మారింది. అయిదు, ఆరు సెమిస్టర్లలో చెప్పే పిల్లల నర్సింగ్‌లో థియరీ, వార్డు పోస్టింగులతోపాటు స్కిల్ ల్యాబ్‌కు విడిగా గంటలు కేటాయించారు. నవజాత శిశువుల సంరక్షణ, శిశువుల, చిన్నపిల్లల జబ్బులను కలిపి చూసే ఐఎంఎన్‌సీఐ, పిల్లల ప్రాణరక్షణకు సంబంధించిన పీఎల్ఎస్ వంటి మాడ్యూళ్లను తప్పనిసరి చేశారు. టీచర్లకు దారి చూపేందుకు హరియాణాలోని గురుగ్రామ్‌లో నేషనల్ రిఫరెన్స్ సిమ్యులేషన్ సెంటర్ కూడా ఏర్పాటైంది.

కొవిడ్ కాలం ఈ అవసరాన్ని మరింత గట్టిగా చెప్పింది. వార్డుల్లోకి విద్యార్థులను రానివ్వని ఆ నెలల్లో చేతికి పని నేర్పే మరో దారి ఎంత అవసరమో తెలిసొచ్చింది.

వార్డులో పాఠం ఎందుకు చాలడం లేదు?

వార్డులో రోగుల దగ్గర నేర్చుకోవడమే నర్సింగ్ సంప్రదాయం. దానికి సాటి లేదు. కానీ పిల్లల వార్డులో ఆ పాఠానికి మూడు అడ్డంకులు.

మొదటిది, అమ్మానాన్నలు. పెద్దవాళ్లయితే "నేర్చుకోనీలే పాపం" అని చేయి చాపుతారు. పసిపిల్లకు కాన్యులా పెట్టాలంటే ఏ తల్లయినా అడిగేది ఒకటే: "మీరు కొత్తనా? సీనియర్ సిస్టర్‌ను పిలవండి." ఆ తల్లి అడగడంలో తప్పు లేదు. దారం లాంటి నరం ఒకసారి తప్పిపోతే ఆ చేయి వాచిపోతుంది. రెండోసారి పొడిస్తే బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. విద్యార్థిని పక్కకు జరిగి నిలబడుతుంది. పోస్టింగ్ ముగిసేసరికి ఆ అమ్మాయి చూసినవి చాలా ఉంటాయి, చేసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

రెండోది, రద్దీ. హైదరాబాద్ నిలోఫర్, తిరుపతి రుయా, విశాఖ కేజీహెచ్ వంటి పెద్దాసుపత్రులకు జిల్లాల నుంచి పిల్లలు వస్తూనే ఉంటారు. ఆ హడావుడిలో స్టాఫ్ నర్సు ఆగి, విడమరిచి చెప్పే తీరిక దొరకదు.

మూడోది, కేసులు మన టైంటేబుల్ చూసి రావు. వానాకాలంలో పోస్టింగ్ పడినవారికి డెంగీ, చలికాలంలో పడినవారికి ఆయాసం కనిపిస్తాయి. ఒక పిల్లాడి గుండె ఆగిపోయిన క్షణం చదువుకునే నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఎదురుపడకపోవచ్చు. ఉద్యోగంలో చేరిన తొలి నైట్ డ్యూటీలోనే ఎదురుపడనూ వచ్చు. అరుదుగా వచ్చే గండానికి ఎవరినీ వార్డు పూర్తిగా సిద్ధం చేయలేదు. ల్యాబ్ చేయగలదు. సోమవారం ఫిట్స్, మంగళవారం ఊపిరాడకపోవడం, బుధవారం షాక్ అని కేసులను రాసుకుని మరీ రప్పించగలదు.

గుక్కెడు మందులో గండం

పిల్లల దగ్గర పొరపాటుకు చోటు చాలా తక్కువ. 3 కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం సుమారు 240 మిల్లీలీటర్లు. రెండు టీ గ్లాసుల్లో పట్టేస్తుంది. అందుకే పరీక్షల కోసం తీసే ప్రతి చుక్కకూ లెక్క ఉండాలి. గుండెను నొక్కాల్సి వస్తే పెద్దవాళ్లకు రెండు అరచేతులు వాడతాం. శిశువుకు రెండు చేతులతో ఛాతీని చుట్టిపట్టి రెండు బొటనవేళ్లతో నొక్కాలి. లోతు ఛాతీ మందంలో మూడో వంతు, అంటే 4 సెంటీమీటర్ల దాకా. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. పుస్తకంలో చదివితే ఇది ఒక్క వాక్యం. బొటనవేళ్లకు ఆ లోతు తెలియాలంటే మాత్రం నొక్కి చూడాలి. ఎంత లోతుకు వెళ్లిందో లైటుతోనో చప్పుడుతోనో చెప్పే మానెకిన్లు అందుకే ఉన్నాయి.

ఇంకో చిక్కు ఉంది. రక్తప్రసరణ దెబ్బతింటున్నా పిల్లల శరీరం చాలాసేపు ఓర్చుకుంటుంది. గుండె వేగం పెంచుకుని, చేతులూ కాళ్లకు రక్తం తగ్గించి, బీపీని నిలబెడుతుంది. బీపీ పడిపోయిందంటే అప్పటికే చాలా ఆలస్యమైందని అర్థం. ఆ లోపే పసిగట్టాల్సింది మంచం పక్కనుండే నర్సే. చల్లబడిన పాదం, రంగు మారిన పెదవి, ఆడుకోవడం మానేసిన చూపు ఆమెకు ముందే కనబడాలి.

> ■ సిరప్ వేరు, డ్రాప్స్ వేరు
>
> ల్యాబ్‌లో విద్యార్థులకు తప్పక చేయించాల్సిన లెక్క ఇది. పిల్లలకు పారాసెటమాల్ మోతాదు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 10 కిలోల బిడ్డకు 15 చొప్పున వేసుకుంటే 150 మిల్లీగ్రాములు.
>
> • 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే పోయాల్సింది 6 మిల్లీలీటర్లు.
>
> • మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుండే డ్రాప్స్ అయితే 1.5 మిల్లీలీటర్లే.
>
> సిరప్ అనుకుని డ్రాప్స్ 6 మిల్లీలీటర్లు పోస్తే బిడ్డ ఒంట్లోకి 600 మిల్లీగ్రాములు వెళతాయి. నాలుగింతలు! రెండు సీసాలనూ పక్కపక్కన పెట్టి, లేబుల్ పైకి చదివించి, సిరంజిలోకి తీయించి చూపిస్తే ఈ తేడా విద్యార్థికి జీవితంలో మర్చిపోలేని పాఠం. డిశ్చార్జి రోజున తల్లికి విడమరిచి చెప్పాల్సిందీ ఆమే.

ఆ 60 సెకన్ల కోసం

2020 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం మన దేశంలో పుట్టిన ప్రతి 1000 మందిలో 28 మంది తొలి పుట్టినరోజు చూడలేదు. వారిలో 20 మంది పుట్టిన 28 రోజుల్లోపే కన్నుమూశారు. ఏడాదిలోపు మరణాలు ఆంధ్రప్రదేశ్‌లో 24, తెలంగాణలో 21, కేరళలో 6. ఒకప్పటితో పోలిస్తే ఎంతో తగ్గాయి. మిగిలినవాటిని తగ్గించాలంటే పుట్టిన వేళ, ఆ తర్వాతి కొద్ది రోజుల్లో బిడ్డ పక్కన ఉండే చేతుల నేర్పు మీద దృష్టి పెట్టక తప్పదు.

పుట్టే ప్రతి 10 మంది బిడ్డల్లో సుమారు ఒకరికి తొలి శ్వాస కోసం ఎంతో కొంత సాయం కావాలి. చాలామందికి ఒళ్లు తుడిచి, వీపు రుద్దితే చాలు. అప్పటికీ ఊపిరి తీయకపోతే తొలి నిమిషంలోనే బ్యాగ్, మాస్క్‌తో గాలి అందించాలి. వైద్యులు దీన్ని గోల్డెన్ మినిట్ అంటారు. ఈ ఒక్క నిమిషాన్ని నేర్పడానికే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2010లో 'హెల్పింగ్ బేబీస్ బ్రీత్' కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. నీళ్లు నింపే చవక బొమ్మ దానితోనే ఊరూరికీ చేరింది. మన కేంద్ర ప్రభుత్వం అంతకు ఏడాది ముందు, 2009లోనే నవజాత శిశు సురక్ష కార్యక్రమం పేరుతో ఇదే పని తలకెత్తుకుంది.

ఫలితం? మన పొరుగునే బెళగావి ప్రాంతంలో కాన్పులు చేసే సిబ్బందికి ఈ శిక్షణ ఇచ్చి, ముందూ తర్వాతా లెక్కలు తీశారు. 2013లో ప్రచురితమైన ఆ అధ్యయనం ప్రకారం కాన్పు వేళలోనే ప్రాణం పోయి పుట్టినట్టు నమోదయ్యే శిశువులు నూటికి 1.7 నుంచి 0.9కి తగ్గారు. ఊపిరి అందించకుండానే 'చనిపోయి పుట్టింది' అని పక్కన పెట్టేసే బిడ్డల్లో కొందరు నిజానికి బతికించగలిగిన వాళ్లేనన్నమాట. అయితే తొలి నెల మరణాల్లో మార్పు కనబడలేదని అదే అధ్యయనం చెప్పింది. ఊపిరి పోశాక ఆ బిడ్డను కాపాడుకునే సంరక్షణ కూడా గట్టిగా ఉండాలి మరి.

ఇంతకన్నా పెద్ద పాఠం టాంజానియాలోని హేడమ్ అనే మారుమూల ఆసుపత్రి నేర్పింది. అక్కడ మొదట ఒక రోజు శిక్షణ పెట్టారు. తర్వాత పరీక్ష పెడితే బొమ్మ దగ్గర అందరూ చక్కగా చేసి చూపించారు. కానీ లేబర్ రూంలో అసలు బిడ్డల దగ్గర పనితీరు మారలేదు. అప్పుడు పద్ధతి మార్చారు. బొమ్మను లేబర్ రూంలోనే ఉంచి వారానికోసారి 3 నుంచి 5 నిమిషాలు, నెలకోసారి 40 నిమిషాలు సాధన చేయించారు. పుట్టిన 24 గంటల్లోపు మరణాలు వెయ్యికి 11.1 నుంచి 7.2కి దిగాయి.

అదే బొమ్మ, అదే సిబ్బంది. మారిందల్లా ఎన్నిసార్లు చేశారన్నదే. సిమ్యులేషన్ గురించి చెప్పుకోవాల్సిన అసలు మాట ఇదే: ఒకసారి చేసిన వర్క్‌షాప్ సర్టిఫికెట్ ఇస్తుంది, వారం వారం చేసిన సాధన చేతికి పనితనం ఇస్తుంది.

> ■ దోసకాయ నుంచి సిమ్ బేబీ దాకా
>
> • బతికున్న మనిషి మీద చేయి వేయకముందు నకలు మీద సాధన చేయాలన్నది మనకు కొత్త కాదు. శస్త్రం పట్టే శిష్యుడు గుమ్మడి, సొర, దోస జాతి కాయల మీద కోతలు నేర్వాలని, నరం పొడవడానికి తామరతూళ్లు వాడాలని, కట్టు కట్టడం గుడ్డతో చేసిన మనిషి బొమ్మ మీద అభ్యసించాలని సుశ్రుత సంహిత చెప్పింది.
>
> • 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో మదాం దు కూద్రే అనే మంత్రసాని గుడ్డతో, దూదితో కాన్పు బొమ్మ తయారుచేసింది. 15వ లూయీ రాజు 1759లో ఆమెకు బాధ్యత అప్పగించడంతో ఆ బొమ్మతో ఊరూరా తిరిగి మంత్రసానులకు శిక్షణ ఇచ్చింది.
>
> • 1911లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగ్ స్కూలు కోసం బొమ్మల తయారీదారు మార్తా చేజ్ నిలువెత్తు బొమ్మను చేసిచ్చింది. 'మిసెస్ చేజ్' పేరుతో అది కొన్ని తరాల నర్సులకు తొలి రోగి.
>
> • నార్వేలో ఆట బొమ్మలు చేసే ఆస్మండ్ లేర్డాల్ నీళ్లలో మునిగిపోబోయిన తన చిన్నారి కొడుకును కాపాడుకున్నాడు. నోటితో ఊపిరి అందించడం నేర్పే బొమ్మ కావాలని డాక్టర్లు అడిగినప్పుడు వెంటనే ఒప్పుకున్నాడు. 1960లో 'రిససీ యాన్' వచ్చింది.
>
> • ఇప్పుడు ఏడ్చే, నీలంగా మారే, ఫిట్స్ వచ్చే 'సిమ్ బేబీ' వంటి శిశు మానెకిన్లు ఉన్నాయి. ధర లక్షల్లో. నీళ్లు నింపే సాదా బొమ్మ వేలల్లో.

జ్వరం తగ్గింది... ప్రమాదం మొదలైంది

పిల్లల వైద్యంలో బిడ్డ ఒక్కటే ఉండదు. పక్కన అమ్మ ఉంటుంది, వెనక అమ్మమ్మ ఉంటుంది, ఫోన్లో మేనమామ ఉంటాడు. అందుకే మంచి సన్నివేశంలో బొమ్మతోపాటు మనుషులూ ఉంటారు. వానాకాలంలో మన ల్యాబుల్లో ఆడించి తీరాల్సిన సన్నివేశం ఒకటి చూద్దాం.

మంచం మీద ఆరేళ్ల బాబు మానెకిన్. 18 కిలోలు. డెంగీ జ్వరం, అయిదో రోజు. పొద్దున్నే జ్వరం దిగింది. సీనియర్ విద్యార్థిని చీరకొంగు నడుముకు చెక్కుకుని అమ్మమ్మ వేషంలో కూర్చుంది. "అమ్మా సిస్టరమ్మా, ఒళ్లు చల్లబడింది గదా, ఇంటికి పంపియ్యి తల్లీ. పొలం పనులన్నీ ఆగిపోయినయ్. రెండు పూటలు కడుపునిండా తింటే వాడే లేస్తడు."

విద్యార్థిని థర్మామీటర్ చూసింది. నార్మల్. కేస్ షీటులో రాసేసి "సరే అమ్మమ్మా, డాక్టర్ గారు రౌండ్స్‌కి వచ్చాక చెబుతాను" అని కదలబోయింది. ఇక్కడే ఉంది గండం. డెంగీలో జ్వరం దిగే సమయంలోనే రక్తనాళాల నుంచి ద్రవం కారిపోయి కొందరు పిల్లలు షాక్‌లోకి జారతారు. అమ్మమ్మ కళ్లకు ఒళ్లు చల్లబడటం మంచి కబురు. నర్సు చేతికి అదే ప్రమాద ఘంటిక కావాలి. కడుపునొప్పి ఉందా? వాంతులు ఆగాయా? పొద్దుటి నుంచి మూత్రం పోశాడా? గోరు నొక్కి వదిలితే ఎర్రదనం ఎన్ని సెకన్లకు తిరిగొచ్చింది? బీపీలో పై అంకెకూ కింది అంకెకూ మధ్య తేడా ఎంత?

రెండో రౌండులో ఆ అమ్మాయే ఆగి, అరికాలు తాకి, బీపీ చూసి డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేసింది. మొదట వచ్చిన మాట: "సార్, ఒకసారి వస్తారా... బాబు కొంచెం డల్‌గా ఉన్నాడు." ఫోన్ అవతల డాక్టర్‌గా ఉన్న ట్యూటర్ జవాబు: "ఓపీలో ఉన్నాను, తర్వాత వస్తా." సూటిగా చెప్పడం నేర్చుకునే వరకూ ఈ సన్నివేశం ముగియదు. నాలుగోసారికి ఆ అమ్మాయి ఇలా చెప్పగలిగింది: "సార్, మూడో బెడ్ బాబు, ఆరేళ్లు, 18 కిలోలు. డెంగీ అయిదో రోజు. జ్వరం దిగింది. కానీ కాళ్లూ చేతులూ చల్లగా ఉన్నాయి. నాడి 140. బీపీ 90 బై 74. పొద్దుటి నుంచి మూత్రం లేదు. షాక్ అనిపిస్తోంది సార్. మీరు ఇప్పుడే రావాలి."

పల్లె నుంచి వచ్చి, తెలుగు మీడియంలో చదువుకుని, డాక్టర్ గారి ఎదుట గొంతు పెగలని అమ్మాయికి ఈ నాలుగు మాటలు ధైర్యంగా పలకడం కాన్యులా పెట్టడం కన్నా కష్టం. ప్రాణం కాపాడటంలో ఈ నాలుగు మాటల పాత్ర ఏ ఇంజెక్షన్‌కూ తీసిపోదు. ఆ వెంటనే అమ్మమ్మ వైపు తిరిగి, కసురుకోకుండా, "జ్వరం దిగినాక ఈ రెండ్రోజులే జాగ్రత్త అమ్మమ్మా, మనవడిని ఇక్కడే ఉంచుదాం" అని ఒప్పించడమూ నేర్చుకోవాలి. బ్రిటన్ వెళ్లే మన నర్సులకు అక్కడి రిజిస్ట్రేషన్ కోసం పెట్టే ఓఎస్‌సీఈ పరీక్షలోనూ చూసేది ఇలాంటి పనితీరునే. చేతిపనితోపాటు రోగితో మాట్లాడిన తీరుకూ మార్కులుంటాయి.

> ■ మన ల్యాబ్‌కు మన కేసులు
>
> విదేశీ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే సన్నివేశాలు ఆ దేశాల రోగాలతో, ఆ దేశాల ఇళ్లతో ఉంటాయి. మన ట్యూటర్లు రాసుకోవాల్సినవి:
>
> • తేలుకాటు: ఒళ్లంతా చెమటలు, చల్లబడిన కాళ్లూ చేతులూ, వేగంగా కొట్టుకునే గుండె. మహారాష్ట్రలోని మహాడ్‌కు చెందిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ దీనికి ప్రాజోసిన్ మందు వాడకాన్ని ప్రపంచానికి చాటారు.
>
> • గొంతులో పల్లీ గింజ: ఏడాదిలోపు బిడ్డకు వీపుపై 5 చరుపులు, ఛాతీపై 5 నొక్కులు. నోట్లో వేలు పెట్టి గుడ్డిగా వెతకకూడదు.
>
> • కిరోసిన్ తాగిన పిల్ల: వాంతి చేయించకూడదని కంగారులో ఉన్న ఇంటివాళ్లకు చెప్పడం.
>
> • ఆయాసంతో వచ్చిన బిడ్డ: పూర్తిగా ఒక నిమిషం పాటు శ్వాసలు లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40 లేదా అంతకు మించితే వేగంగా ఉన్నట్టు.
>
> • పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయబోయే నానమ్మ: ఆమె మనసు నొప్పించకుండా వద్దని చెప్పి, తల్లిపాలు పట్టించడం.

అసలు పాఠం బొమ్మ పక్కన కాదు

బొమ్మ దగ్గర గడిపేది పది నిమిషాలైతే ఆ తర్వాత కుర్చీల్లో కూర్చుని మాట్లాడుకునేది అంతకు రెట్టింపు ఉండాలి. దీన్ని డీబ్రీఫింగ్ అంటారు. ఏం జరిగింది? ఆ క్షణంలో ఏమనుకున్నావు? మళ్లీ చేస్తే ఏం మారుస్తావు? ఈ మూడు ప్రశ్నల చుట్టే సంభాషణ నడుస్తుంది. విద్యార్థిని పెద్ద మాస్క్ ఎందుకు అందుకుందో తరచి చూస్తే ట్రేలో అన్ని సైజులూ కలిపి పడేసి ఉన్నాయని తేలొచ్చు. అప్పుడు పాఠం ఆ అమ్మాయికే కాదు, ప్రతి డ్యూటీ మొదట్లో ట్రే సర్దుకోవాలన్న అలవాటు రూపంలో అందరికీ అందుతుంది.

మన చదువుల్లో ఇదే కొత్త. తప్పు చేస్తే నలుగురిలో నిలబెట్టి తిట్టే అలవాటు నర్సింగ్ స్కూళ్లలో బలంగా ఉంది. తిట్టుకు భయపడిన అమ్మాయి రేపు వార్డులో మందు తప్పు పడితే దాచిపెడుతుంది. ల్యాబ్‌లో చెప్పుకోవడం అలవాటైన అమ్మాయి పరుగున వచ్చి చెబుతుంది, బిడ్డకు సమయానికి విరుగుడు అందుతుంది. అందుకే ఇక్కడ జరిగింది ఇక్కడే ఉండాలన్న నియమం కచ్చితంగా పాటించాలి. తడబడుతున్న క్లాస్‌మేట్ వీడియో వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిన రోజున ఆ ల్యాబ్‌లో ఎవరూ మనసు విప్పరు.

బొమ్మ 'చనిపోవచ్చా' అన్న ప్రశ్న టీచర్ల మధ్య ఎప్పుడూ ఉంటుంది. తొలి సెమిస్టర్లలో చేతులు వణికే పిల్లల ముందు అది అనవసరమైన గాయం. చివరి ఏడాదిలో, ముందే చెప్పి, తర్వాత తీరిగ్గా మాట్లాడుకునేట్టయితే అదీ నేర్పాల్సిన పాఠమే. బిడ్డను కోల్పోయిన తల్లి పక్కన ఎలా కూర్చోవాలో, ఏ మాట అనకూడదో తెలియకుండానే మన నర్సులు ఆ వార్డుల్లో అడుగుపెడుతున్నారు. ఇది కూడా నేర్పితే వచ్చే విద్యే.

అద్దాల బీరువాలో బొమ్మ

ఇంత మేలు చేసే బొమ్మ కొన్ని కాలేజీల్లో అద్దాల బీరువాలో ఉంటోంది. పాడైపోతుందని తాళం, ఇన్‌స్పెక్షన్ రోజున కొత్త దుప్పటి. ఏడాది పొడవునా విద్యార్థులు దాన్ని తాకరు. కొన్నిచోట్ల లక్షలు పోసి హైటెక్ మానెకిన్ కొన్నారు, దాన్ని నడపడం తెలిసిన ట్యూటర్ లేరు. సెన్సర్ చెడిపోతే బాగుచేసే మనిషి వచ్చేదాకా అది పరుపు మీద నిద్రపోతుంది.

బొమ్మ ఉంటే వార్డే అక్కర్లేదనుకునే ప్రమాదమూ ఉంది. అమెరికాలో నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి 10 నర్సింగ్ కాలేజీల్లో జరిపించిన అధ్యయనం 2014లో వెలువడింది. వార్డు పోస్టింగ్ గంటల్లో సగం దాకా సిమ్యులేషన్‌తో భర్తీ చేసినా విద్యార్థుల పరిజ్ఞానంలో, లైసెన్స్ పరీక్ష ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీన్ని చూపించి "ఇక వార్డులెందుకు" అనే యాజమాన్యాలు పుట్టుకురావచ్చు. ఆ అధ్యయనంలో ట్యూటర్లందరికీ ప్రత్యేక శిక్షణ ఉంది, ప్రతి సన్నివేశం తర్వాత డీబ్రీఫింగ్ ఉంది, సరిపడా సామగ్రి ఉంది. అవి లేని చోట ఆ ఫలితం రాదు. పైగా ఏ బొమ్మకూ పసిపిల్ల ఒంటి వాసన ఉండదు. ఏ బొమ్మా సూది చూసి కాలు తన్నదు. వార్డుకు ల్యాబ్ బదులు కాదు. వార్డులోకి అడుగుపెట్టే అర్హత ల్యాబ్‌లో సంపాదించుకోవాలి.

చవకలో చేయలేమా అంటే తప్పకుండా చేయొచ్చు. బత్తాయి పండు మీద సూది గుచ్చడం తరతరాల సాధన. గుడ్డ కింద సన్నటి రబ్బరు గొట్టం పెట్టి రంగునీళ్లు నింపితే కాన్యులా సాధనకు నరం సిద్ధం. గంజి నీళ్లు వాంతి, బీట్‌రూట్ రసం నెత్తురు, చెయ్యి తిరిగిన సీనియర్ అమ్మమ్మ. నీళ్లు నింపే బొమ్మ ఒకటి, అంబు బ్యాగ్ ఒకటి, స్టాప్‌వాచ్‌కు సెల్‌ఫోన్. కొనలేనిది ఒక్కటే, టీచర్ సమయం. ఒక ట్యూటర్ మీద వంద మంది విద్యార్థుల భారం వేసి, ఆమెకే ఆఫీసు రికార్డులూ పరీక్ష పనులూ అప్పగిస్తే డీబ్రీఫింగ్‌కు అరగంట ఎక్కడి నుంచి వస్తుంది?

> ■ కాలేజీలో చేర్చే ముందు అడగండి
>
> • స్కిల్ ల్యాబ్ వారానికి ఎన్ని గంటలు తెరిచి ఉంటుంది? సాయంత్రం విద్యార్థులు సొంతంగా సాధన చేసుకోవచ్చా?
>
> • ఒక బొమ్మ దగ్గర ఒక్కసారి ఎంతమంది? అయిదారుగురు మించితే చేసేది ఒకరు, చూసేది మిగతావారు.
>
> • శిశువు, చిన్నపిల్లల మానెకిన్లు విడిగా ఉన్నాయా, పెద్దవాళ్లవి మాత్రమేనా?
>
> • సిమ్యులేషన్ నడపడంలో శిక్షణ పొందిన ట్యూటర్లు ఎందరు?
>
> • పిల్లల వార్డు పోస్టింగ్ ఏ ఆసుపత్రిలో? అక్కడ నవజాత శిశువుల ప్రత్యేక వార్డు ఉందా?
>
> • సీనియర్ విద్యార్థినులను విడిగా పలకరించి, బొమ్మను చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నారో కనుక్కోండి.

చేయాల్సింది ఏమిటి?

కొత్త కాలేజీలకు భవనాలు లేస్తున్నాయి, ల్యాబులకు సామగ్రి వస్తోంది. వీటి మీద పెట్టిన డబ్బు పిల్లల ప్రాణాలుగా తిరిగి రావాలంటే మరికొన్ని పనులు జరగాలి. ఖాళీగా ఉన్న ట్యూటర్ పోస్టులు నింపాలి. ప్రతి జిల్లాలో ఒక కాలేజీని ఎంచుకుని అక్కడ ట్యూటర్లకు సిమ్యులేషన్ నడపడం, డీబ్రీఫింగ్ చేయడం నేర్పాలి. తెలుగులో రాసిన సన్నివేశాలను కాలేజీలన్నీ పంచుకోవాలి. తేలుకాటు సన్నివేశాన్ని అనంతపురంలో ఒకరు రాస్తే ఆదిలాబాద్‌లో ఇంకొకరు వాడుకోవచ్చు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారులు బొమ్మల సంఖ్య లెక్కపెట్టి వెళ్లకుండా, ఎవరో ఒక విద్యార్థినిని పిలిచి "ఈ బిడ్డ ఏడవడం లేదమ్మా, ఏం చేస్తావో చూపించు" అని అడగాలి.

ఆసుపత్రులూ ఇందులో భాగమే. చదువు పూర్తయి డ్యూటీలో చేరిన నర్సుకు సాధన ఆగిపోకూడదు. హేడమ్ ఆసుపత్రి చూపించింది అదే. ఏరియా ఆసుపత్రి లేబర్ రూంలో, నవజాత శిశువుల ప్రత్యేక వార్డు అయిన ఎస్ఎన్‌సీయూలో డ్యూటీ మారే వేళ వారానికోసారి అయిదు నిమిషాలు ఒక బొమ్మ, ఒక బ్యాగ్ చాలు. దానికి కొత్త జీవో అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. హెడ్ నర్సు నిర్ణయం చాలు.

సాధన చేసి వచ్చిన చేతుల్లో పడటం పుట్టే ప్రతి బిడ్డకూ ఉన్న హక్కు. మన ఇంట్లో పురుడు జరిగినప్పుడు డాక్టర్ పేరు అడుగుతాం, ఆసుపత్రి పేరు అడుగుతాం. ఇక మీదట ఇంకో ప్రశ్న కూడా అడుగుదాం: "బిడ్డ ఏడవకపోతే చూసుకునే సిస్టర్ ఎవరు? ఆమె చివరిసారి సాధన చేసింది ఎప్పుడు?" అందరూ అడగడం మొదలుపెడితే బీరువాల తాళాలు వాటంతటవే తెరుచుకుంటాయి.